ఆడవాళ్లకి గుండెపోటు రాదంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ వారం ఒకే మెసేజ్ నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. చివర్లో "కనీసం పదిమంది ఆడవాళ్లకి పంపండి" అని కూడా ఉంది. నేను పంపను గానీ, అందులో ఉన్నది ఇదీ: నెలసరి వస్తున్నంతకాలం హార్మోన్లే కవచంలా కాపాడతాయి కాబట్టి ఆడవాళ్లకి గుండెపోటు రాదు, వాళ్లు భయపడాల్సింది రొమ్ము క్యాన్సర్‌కే. ఛాతీ పట్టేసినట్టుంటే అది గ్యాసో టెన్షనో, ఎందుకంటే ఆడవాళ్ల గుండెపోటులో ఛాతీ నొప్పే ఉండదట. అయినా అనుమానంగా ఉంటే గట్టిగా దగ్గుతూ కూర్చుంటే గుండె దానంతటదే దారికొస్తుందట. పంపినవాళ్లలో ఒకావిడ బాగా చదువుకున్న మనిషి, నాకు కావలసిన మనిషి కూడా. అందుకే విసుక్కుని డిలీట్ చేయకుండా రాస్తున్నాను.

"హార్మోన్ల కవచం" దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది, పూర్తి అబద్ధం కంటే అదే ఎక్కువ ముంచుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వల్ల రక్తనాళాలకి కొంత మేలు ఉన్నమాట నిజమే, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకి గుండె రక్తనాళాల జబ్బు సగటున 7 నుంచి 10 ఏళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. ఆలస్యంగా రావడం వేరు, అసలు రాకపోవడం వేరు. ఆ కాస్త వెసులుబాటు కూడా అందరికీ దక్కదు. షుగర్ ఉంటే అది చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది, షుగర్ వల్ల గుండె ముప్పు పెరగడమన్నది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. సిగరెట్ కూడా అంతే. 40 ఏళ్లలోపే నెలసరి ఆగిపోయినవాళ్లు, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీయించుకున్నవాళ్లు ఆ కవచాన్ని ముందే వదులుకున్నట్టు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా అనిపించుకున్నవాళ్లకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. కాన్పు అయిపోయింది, బీపీ దిగిపోయింది, ఆ కాగితాలు ఎక్కడో అడుగున పడిపోయాయి. ఇరవై ఏళ్ల తర్వాత గుండె డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆయన అది అడగడు, ఈవిడ చెప్పదు.

ఇంకో రకం గుండెపోటు ఉంది, అది ఎంతోమందికి నెలసరి వస్తున్న వయసులోనే వస్తుంది. కొవ్వు పేరుకుపోకుండానే గుండె రక్తనాళం లోపలి పొర దానంతటదే చీలుతుంది, చీలికలో రక్తం చేరి దారి మూసుకుపోతుంది. డాక్టర్లు దీన్ని స్కాడ్ అంటారు. ఇది వచ్చినవాళ్లలో పదికి తొమ్మిదిమంది వరకు ఆడవాళ్లే. కడుపుతో ఉన్నప్పుడూ కాన్పైన కొత్తలోనూ వచ్చే గుండెపోట్లకి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. సన్నగా ఉండి, కొలెస్టరాల్ మామూలుగా ఉన్నవాళ్లని కూడా ఇది వదలదు.

పోనీ హార్మోన్ మాత్రలుగా ఇస్తే కవచం తిరిగొస్తుందా అని పరీక్షించి కూడా చూశారు. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో, నెలసరి ఆగిపోయిన 16,608 మందిలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. గుండెని కాపాడుతుందన్న ఆశతో మొదలుపెట్టి, గుండెపోట్లు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ పెరగడం చూసి 2002లో మధ్యలోనే ఆపేశారు. మెనోపాజ్ ఇబ్బందులకి డాక్టరు చూసి ఇచ్చే హార్మోన్ల సంగతి వేరు, అవి చాలామందికి అవసరమే. కానీ గుండెకి కాపలా అని చెప్పి ఇవాళ వాటిని రాయరు.

రొమ్ము క్యాన్సర్ ముక్క చిన్నది, తేల్చేస్తా. 2019లో ప్రపంచవ్యాప్తంగా గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయిన ఆడవాళ్లు సుమారు 89 లక్షలు, అంటే ఆ ఏడాది ఆడవాళ్ల మరణాల్లో దాదాపు మూడోవంతు. 2022లో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 6 లక్షల 70 వేలు. దాని పరీక్షలు మానమని కాదు నేననేది, గుండెజబ్బు గురించి ఎవరూ చెప్పడం లేదని.

ఇక అసలు కోపం "గ్యాసో టెన్షనో" అన్నచోట.

మా పిన్నికి 52 ఏళ్లప్పుడు ఒక రాత్రి దవడ లాగడం మొదలైంది. పన్ను అనుకుంది. కాసేపటికి ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు అనిపిస్తే గ్యాస్ మందు వేసుకుంది, గంటాగి మళ్లీ వేసుకుంది. మంచం అంచున కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది, రెండు చొక్కాలు మడత పెట్టడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్లీ రెండు. మా చెల్లి నీళ్లకని లేచి చూస్తే ఫ్యాన్ కింద కూర్చున్న మనిషికి వీపంతా తడిసిపోయి ఉంది. "ఏం లేదులేవే, గ్యాసు. పొద్దున్నే అందరికీ బట్టలుండాలి" అందట. బలవంతాన ఆసుపత్రికి తీసుకెళితే డ్యూటీలో ఉన్న డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా అమ్మా?" అని. అరుగుదలకి ఒక ఇంజెక్షన్, నిద్రకి ఒక మాత్ర ఇచ్చి పంపేశారు. ఈసీజీ తీసింది మర్నాడు పొద్దున, ఇంకోచోట. స్టెంట్ వేశారు, బతికింది. కానీ ఆ రాత్రంతా రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ రాలేదు, ఇప్పటికీ ఒక అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఆగాలి.

ఆ డాక్టరు ఒక్కడినే తిట్టి లాభం లేదు, చదువులే అలా వచ్చాయి. గుండెపోటు రాకుండా ఆపడానికి ఆస్పిరిన్ పనిచేస్తుందని 1980ల్లో తేల్చిన పేరున్న అధ్యయనంలో 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు కూడా ఆడవాళ్లు లేరు. తర్వాత 39,876 మంది ఆడవాళ్ల మీద పదేళ్లపాటు అదే పరీక్ష చేసి 2005లో ఫలితం చెప్పారు: మొదటి గుండెపోటుని ఆస్పిరిన్ పెద్దగా ఆపలేదు, పక్షవాతాన్ని మాత్రం కొంత తగ్గించింది. మగవాళ్ల మీద కొలిచి ఆడవాళ్లకి అంటగడితే ఎలా ఉంటుందో దీన్నిబట్టే తెలుస్తోంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా అంతే. బాగా వాడుకలో ఉన్న ఒక సున్నితమైన పరీక్షలో మగవాళ్లకి హద్దు 34 అయితే ఆడవాళ్లకి 16. ఇద్దరికీ మగవాళ్ల గీతే గీస్తే 16కీ 34కీ మధ్య ఉన్న ఆడమనిషి "నార్మల్" అనిపించుకుని ఇంటికి వెళ్లిపోతుంది.

టెన్షన్ అయితే మాత్రం గుండెకి ఏం కాదని ఎవరన్నారు? తీవ్రమైన దుఃఖం, భయం తగిలినప్పుడు గుండె ఎడమ జఠరిక ఉబ్బి సరిగ్గా కొట్టుకోలేకపోయే జబ్బు ఒకటుంది. 1990లో జపాన్ డాక్టర్లు, ఉబ్బిన ఆ గుండె ఆక్టోపస్‌లని పట్టే కుండలా కనిపిస్తోందని, ఆ కుండ పేరు మీదే టాకోట్సుబో అన్నారు. వచ్చేది ఎక్కువగా మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకే. ఛాతీ నొప్పి, ఆయాసం, ఈసీజీలో మార్పులు, అన్నీ గుండెపోటులాగే ఉంటాయి. గ్యాసా, టెన్షనా, గుండెపోటా అన్నది మొహం చూసి చెప్పలేరు, పరీక్ష చేసే చెప్పాలి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది అందరికీ ఒకటే నియమం. మొదటి ట్రోపోనిన్ మామూలుగా ఉన్నా కొన్ని గంటలాగి మళ్లీ చూడాలి. తీయకపోతే అడగండి, సిగ్గుపడొద్దు. గొడవపడ్డా తప్పులేదు.

"ఆడవాళ్ల గుండెపోటులో ఛాతీ నొప్పి ఉండదు." ఇది మంచి ఉద్దేశంతో మొదలై దారి తప్పిన మాట. ఆడవాళ్లకి దవడ, మెడ, వీపు, భుజం లాగడం, వికారం, ఆయాసం, కారణం తెలియని నీరసం లాంటివి మగవాళ్లకంటే ఎక్కువగా తోడవుతాయి, నిజమే. కానీ వాళ్లలోనూ ఎక్కువమందికి కనిపించేది ఛాతీలో బాధే. స్కాట్లండ్‌లో గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వచ్చినవాళ్లని అడిగి చూస్తే ఆడా మగా తేడా లేకుండా పదిలో తొమ్మిదిమంది ఛాతీ నొప్పే చెప్పారు. చిక్కల్లా "నొప్పి" అన్న మాటతోనే. సినిమాల్లోలాగా గుండె పట్టుకుని పడిపోవడం కాదు, చాలామంది దాన్ని నొప్పి అనరు కూడా. బరువుగా ఉంది, పట్టేసింది, బిగిసింది, మండుతోంది అంటారు. డాక్టరు "నొప్పి ఉందా" అంటే "లేదండీ" అనేస్తారు. పిన్ని కూడా లేదనే చెప్పింది. "నొక్కుతున్నట్టుంది, అంతే" అందట.

ఇంకో సంగతి: గుండె రక్తనాళాలని చూసే యాంజియోగ్రామ్‌ పరీక్షలో అడ్డంకి కనిపించలేదంటే అంతా క్షేమం అని కాదు. కంటికి కనిపించనంత సన్నటి నాళాల్లో రక్తం సరిగ్గా పారకపోయినా గుండె దెబ్బతింటుంది, ఆ బాపతు కేసులు ఆడవాళ్లలోనే ఎక్కువ. "మీకేం లేదమ్మా" అని ఫైలు మూసేసినా లక్షణాలు పోకపోతే మళ్లీ వెళ్లాల్సిందే.

చివరికి దగ్గు. దీన్ని పిన్నికి చదివి వినిపిస్తే "ఆ రాత్రి దగ్గడానికి ఊపిరెక్కడుందే నాకు" అంది. గుండెపోటు అంటే రక్తనాళం మూసుకుపోవడం, ఎంత దగ్గినా అది తెరుచుకోదు. ఈ కథ పుట్టింది ఆసుపత్రి లోపల: యాంజియోగ్రామ్ బల్ల మీద, మానిటర్ చూస్తున్న డాక్టర్లు, గుండె లయ హఠాత్తుగా తప్పితే స్పృహలో ఉన్న మనిషిని కొన్ని సెకన్లు దగ్గమంటారు, ఈలోగా వాళ్లు చెయ్యాల్సింది చేస్తారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని దగ్గితే పోయేది సమయం. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, తలుపు గడియ తీసి పెట్టండి, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. అలర్జీ, రక్తస్రావం లాంటి ఇబ్బంది లేనివాళ్లని 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలమంటారు, ఫోన్లో ఉన్నవాళ్లని అడిగి వేసుకోండి.

గుండె పూర్తిగా ఆగిపోతే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, ఇక దగ్గేదెవరు? అప్పుడు పనికొచ్చేవి పక్కవాళ్ల చేతులు. అక్కడా ఆడవాళ్లకి అన్యాయమే జరుగుతోంది. అమెరికాలో బయట, నలుగురి మధ్య గుండె ఆగి పడిపోయిన మగవాళ్లలో 45 శాతానికి చుట్టుపక్కలవాళ్లు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి రక్తం ఆడేలా చూడటం, చేస్తే, ఆడవాళ్లలో 39 శాతానికే చేశారు. ఛాతీ మీద చెయ్యి వేయడానికి జంకు, ఎవరేమంటారోనని భయం. నేర్పించే బొమ్మలు కూడా చాలావరకు చదునైన మగ ఛాతీవే. చెయ్యి పెట్టాల్సింది రొమ్ము మీద కాదు, రెండు రొమ్ముల మధ్య ఉండే ఎముక కింది సగం మీద. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా. బట్టలు అడ్డమైతే కత్తిరించండి. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది.