అర్జున్ నిమ్మల సగటు చూసి పెదవి విరవకండి

2023 జులైలో టొరంటో బ్లూ జేస్ అనే మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో, మొత్తం మీద 20వ ఆటగాడిగా అర్జున్ నిమ్మలను తీసుకుంది. ఫ్లోరిడా హైస్కూలు నుంచి వచ్చిన ఆ షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. భారత్ నుంచి వలస వచ్చిన దంపతుల బిడ్డ మొదటి రౌండులో ఎంపికవడం అదే తొలిసారి. అందులోనూ మన ఇంటిపేరు! ఆ వార్త చదివినప్పటి సంతోషం నాకింకా గుర్తుంది.

రెండేళ్లు తిరిగేసరికి సంతోషం స్థానంలో సందేహం మొదలైంది. 2025లో బ్లూ జేస్ కింది స్థాయి జట్టు వాంకోవర్ కెనేడియన్స్ తరఫున అతని బ్యాటింగ్ సగటు (అవకాశాల్లో ఎన్నోవంతు హిట్లయ్యాయో చెప్పే అంకె) .220ల్లోనే ఆగిపోయింది. క్రికెట్ చూసి పెరిగిన మనం ముందుగా సగటే చూస్తాం. కానీ మైనర్ లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌కు తయారయ్యే కింది జట్లలో ఆడే ఒక ఆటగాడి భవిష్యత్తు గురించి అన్నిటికన్నా తక్కువ చెప్పే అంకెల్లో సగటు ఒకటి.

నేను మొదట చూసేది వయసు. వాంకోవర్ ఆడేది హై-ఏ స్థాయిలో. పైన డబుల్-ఏ, ఆపైన ట్రిపుల్-ఏ, అవి దాటాకే మేజర్ లీగ్. హై-ఏలో బంతి వేసేవాళ్లలో చాలామంది కాలేజీలో మూడేళ్లు ఆడి వచ్చిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. వాళ్ల ముందు పందొమ్మిదేళ్ల వయసులో సీజనంతా నిలబడ్డాడు అర్జున్. డిగ్రీ చివరి సంవత్సరం ప్రశ్నపత్రం ఇంటర్ కుర్రాడికి ఇచ్చినట్టు. అక్కడ అతను తెచ్చుకున్న .224ని, ఇరవై మూడేళ్లవాడు తెచ్చుకున్న .280ని ఒకే తక్కెడలో తూచలేం.

రెండోది, చాలామందికి పట్టనిది: మైనర్ లీగుల్లో గెలుపు అసలు లక్ష్యమే కాదు. అది బడి. ఫాస్ట్‌బాల్‌తో అందరినీ అవుట్ చేయగల పిచర్‌ను (బంతి వేసేవాణ్ని) పట్టుకుని, ‘ఈ నెలంతా ఛేంజప్ (వేగం తగ్గించిన బంతి) ఎక్కువ వెయ్యి, కొడితే కొట్టనీ’ అంటారు. బ్యాటర్ అయితే మ్యాచ్‌లు ఆడుతూనే చేతుల కదలికను మార్చుకుంటుంటాడు. ఆ నెల అంకెలు పాడవుతాయని ఇద్దరికీ తెలుసు, జట్టుకూ తెలుసు. బయటినుంచి చూసే మనకే తెలియదు. 2024లో అర్జున్ కథ సరిగ్గా ఇలాంటిదే. హై-ఏ కన్నా ఒక మెట్టు కిందున్న డునీడిన్ జట్టులో సీజన్ ఆరంభంలో బాగా తడబడితే, అతన్ని కొన్నాళ్లు ఆట ఆపించి శిక్షణ కేంద్రంలో కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక బంతి స్టాండ్స్‌లో పడటం మొదలైంది. ఆ సీజన్‌లో డునీడిన్ జట్టుకే 16 హోమ్ రన్లు కొట్టాడు, పద్దెనిమిదేళ్లకు.

మరి ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్లు దేన్ని చూస్తారు? బ్యాటు బంతిని తాకే నేర్పు, బలం, పరుగు, విసిరే చెయ్యి, ఫీల్డింగ్ — ఒక్కోదానికి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు స్థాయి. ఐదింటిలో మొదటిదే అందరినీ ముంచేది. బలం, పరుగు కొలతకు దొరుకుతాయి. వంపు తిరిగే బంతిని చేతినుంచి వదిలిన క్షణంలో గుర్తుపట్టే చూపు ఏ యంత్రానికీ పూర్తిగా చిక్కదు. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లను బంతి విసిరే వేగం చూసి అమెరికా తీసుకెళ్లారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందమూ ఇచ్చింది. ఇద్దరూ డబుల్-ఏ మెట్టు ఎక్కలేకపోయారు. తప్పు వాళ్లది కాదు, ఒక్క కొలతతో ఆటగాణ్ని ఊహించుకున్నవాళ్లది.

అన్నీ కొలిచినా గ్యారంటీ లేదు. 2013 డ్రాఫ్ట్‌లో మొదటివాడు మార్క్ అపెల్, రెండోవాడు క్రిస్ బ్రయంట్, 32వవాడు ఆరన్ జడ్జ్. బ్రయంట్ 2016కే ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అపెల్ మధ్యలో ఆటే వదిలేసి, మళ్లీ వచ్చి, 2022లో ముప్పై ఏళ్లకు మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టాడు. జడ్జ్ 2016లో వచ్చీరాగానే 84 బ్యాటింగ్ అవకాశాల్లో 42 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుట్లు) ఇచ్చి .179 దగ్గర ఆగాడు. మరుసటి ఏడాది 52 హోమ్ రన్లు కొట్టాడు. ఆల్బర్ట్ పుహోల్స్‌ను 1999లో 402వ స్థానం దాకా ఎవరూ అడగలేదు. ఆయన 703 హోమ్ రన్లతో ఆట ముగించాడు.

అర్జున్ విషయంలో నాకు ఆశ కలిగించేది స్ట్రైకౌట్ల నిష్పత్తి. పైమెట్టుకు వెళ్లాక మామూలుగా అది పెరగాలి. అతనికి 2024 కన్నా 2025లో బాగా తగ్గింది. బెంగ కూడా ఉంది. ఆ సీజన్ మొదటి వారాల్లో దంచికొట్టిన కుర్రాడు తర్వాత నెలల తరబడి చల్లబడిపోయాడు. పిచర్లు అతని బలహీనత కనిపెట్టి అక్కడే బంతులు వేశారనుకుంటున్నాను. అతను దానికి తిరుగు కనిపెట్టాలి. మేజర్ లీగ్ చేరతాడనే నా నమ్మకం. అక్కడ తార అవుతాడా అంటే ఇప్పుడే చెప్పను.

తర్వాతి మెట్టు డబుల్-ఏ, న్యూ హ్యాంప్‌షైర్‌లో. అక్కడి పిచర్లు రెండు స్ట్రైకుల తర్వాత పక్కకు జారే బంతి స్లైడర్‌ను బ్యాటర్ ముందుండే ప్లేటు బయటకు జార్చి ఊరిస్తారు. ఆ బంతిని అర్జున్ ఎన్నిసార్లు వదిలేస్తాడో, నేను అదే లెక్కపెట్టుకుంటాను.