సవరణ: రోమీయులకు రాసిన పత్రిక చెరసాలలోంచి వచ్చింది కాదు

తొలి తరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు రాసిన పత్రికల (అంటే లేఖల) గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో, రోమీయులకు రాసిన పత్రికను ఆయన రోమా చెరలో ఉండగా రాశాడని ఉంది. అది తప్పు, నా పొరపాటే. అప్పటికి పౌలు రోమాలో అడుగే పెట్టలేదు.

ఆధారాలు పత్రికలోనే ఉన్నాయి. మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని బీదల కోసం ఇచ్చిన చందా తీసుకుని వెళ్తున్నానని, ఆ తర్వాత రోమా మీదుగా స్పెయినుకు వెళ్లాలనుకుంటున్నానని 15వ అధ్యాయంలో ఆయనే చెబుతాడు. 16వ అధ్యాయం ఇంకా విలువైనది. అక్కడ సిఫారసు చేసిన ఫీబేది కెంక్రేయ, అంటే గ్రీసులోని కొరింథు నగరానికి తూర్పున ఉన్న రేవు. ఆతిథ్యమిచ్చిన గాయియు బహుశా పౌలు కొరింథులో బాప్తిస్మమిచ్చిన గాయియే. పౌలు చెబుతుంటే రాసిన తెర్తియు తన వందనాలు కూడా చేర్చాడు. అందుకే క్రీ.శ. 57 ప్రాంతంలో కొరింథులో రాసిందని ఎక్కువమంది బైబిలు పండితులు అంటారు. బైబిలులోని అపొస్తలుల కార్యములు పుస్తకం 20వ అధ్యాయంలో చెప్పిన మూడు నెలల గ్రీసు బసకూ ఇది సరిపోతుంది.

పౌలు చెరలో ఉండగా రాసిన ‘చెర పత్రికలు’ వేరు: ఎఫెసీయులకు, ఫిలిప్పీయులకు, కొలొస్సయులకు, ఫిలేమోనుకు రాసినవి. రోమా నుంచి రాశాడని సంప్రదాయం చెప్పేది వీటి గురించే.

వరుసను బట్టి కాలం లెక్కించకండి. కొత్త నిబంధనలో పౌలు పత్రికలను దాదాపు నిడివిని బట్టి పేర్చారు, అందుకే రోమా పత్రిక ముందుంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక దానికంటే కొన్నేళ్లు పాతది.