కొర్రల డబ్బాకు సంజాయిషీ

మహారాజశ్రీ కొర్రలు గారి సముఖానికి,
వంటింటి పై అర, ఎడమ మూల, ఉప్పల్, హైదరాబాదు.

విషయం: ఏడు నెలల కాలంలో తమరిని ఒకే ఒక్కసారి నానబెట్టడం గురించి సంజాయిషీ.

అయ్యా,

తమరు నాకు తాఖీదు ఏదీ పంపలేదు. అయినా ప్రతి ఉదయం కాఫీపొడి సీసా కోసం పై అరకు చేయి చాపినప్పుడు, ఆ గాజు డబ్బాలోంచి తమరు చూసే చూపులో తాఖీదుకు కావలసిన అంశాలన్నీ ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి కనుక, కదలకుండా పడి ఉన్న ఫైలు ఏదో ఒకనాటి ఆడిట్‌లో బయటపడి తీరుతుందని నాకు అనుభవం మీద తెలుసు. ఆ రోజు రాకముందే, ఎవరూ అడగకముందే, నా సంజాయిషీని సవినయంగా సమర్పించుకుంటున్నాను.

తమరు మా ఇంటికి వచ్చిన సందర్భం తమరికి గుర్తుండే ఉంటుంది. గత మార్చిలో నా రక్తపరీక్ష కాగితం మీద, రెండు మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ ఎదురుగా ఉన్న 6.1 అనే అంకె చుట్టూ డాక్టరుగారు ఎర్ర కలంతో సున్నా చుట్టారు. 5.7 దాటితే మధుమేహం గడప దగ్గర నిలబడినట్టనీ, 6.5కు చేరితే లోపలికి అడుగుపెట్టినట్టేననీ ఆయన వివరించారు. నెత్తురులోని చక్కెర ఎర్రకణాలకు అంటుకొని రెండు మూడు నెలల పాటు సాక్ష్యంగా నిలుస్తుంది కాబట్టి, పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుండి అధికారులను మభ్యపెట్టే సౌకర్యం ఇందులో లేదని కూడా చెప్పారు. ఇంత కట్టుదిట్టమైన ఆడిట్ మా శాఖలో కూడా లేదు. దేశంలో 13.6 కోట్ల మంది ఇదే గడప దగ్గర నిలబడి ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చిందని ఆ తర్వాత చదివి, అంత పెద్ద వరుసలో ఒకణ్ణి అయినందుకు కొంత ఊరట పొందాను.

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి తమరిని రెండు కిలోలు కొన్నాను. తమరికి తోడుగా సామలు, ఊదలు, అరికలు, అండుకొర్రలు కూడా కిలో చొప్పున కొని, సిరిధాన్యాలు ఐదింటినీ ఒకే సంచిలో ఇంటికి తెచ్చాను. మేము తినే సోనా మసూరి ధరకు రెండింతల పైచిలుకు చెల్లించినా బాధ కలగలేదు సరికదా, బిల్లు చేతిలో పడిన క్షణంలోనే సగం జబ్బు నయమైనట్టు అనిపించింది. ఇంటికి చేరేలోపు మిగిలిన సగమూ నయమైంది. ఆ రాత్రి నిశ్చింతగా బిర్యానీ తెప్పించుకున్నాం.

మన మధ్య పొరపొచ్చాలకు అసలు కారణం మర్నాడు బయటపడింది. తమరు ఆరు నుంచి ఎనిమిది గంటలు నానితే గానీ పొయ్యి ఎక్కరట. బియ్యానికి ఇంతటి పట్టింపులు లేవు. ఆకలి వేసిన తర్వాత కడిగి కుక్కరులో వేసినా మూడు కూతల్లో మాట వింటాయి. తమరు మాత్రం, రేపు మధ్యాహ్నం వేయబోయే ఆకలి గురించి ఈ రాత్రే ఆలోచించమని అడుగుతున్నారు. రేపటి సమావేశానికి కావలసిన కాగితాలనే రేపు ఉదయం మెట్రోలో నిలబడి చూసుకునే మనిషిని ఇలా అడగడం ఎంతవరకు న్యాయమో తమరే ఆలోచించాలి.

నాకు తీరిక లేదన్న సంగతి తమరికి విన్నవించుకోవాలి. ఉదయం ఎనిమిదింటికి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగుతాను. దారిలో తార్నాక వస్తుంది. మన దేశం ఏమి తినాలో శతాబ్దానికి పైగా ఆలోచిస్తున్న జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది అక్కడే. 1918లో కూనూరులో చిన్న విచారణ విభాగంగా మొదలై, 1958లో ఈ ఊరికి తరలివచ్చిన ఆ సంస్థ, 2000 క్యాలరీలు తినే మనిషి పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు ఉండాలనీ, చిరుధాన్యాలతో కలిపి ధాన్యాలన్నీ 250 గ్రాములకు మించనక్కర్లేదనీ లెక్క కట్టింది. ఆ సలహాను నేను రోజుకు రెండుసార్లు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, దాటుకొని పోతున్నాను. మా ఇంటి పళ్లెంలో 400 గ్రాములు ఉండే మాట నిజమే గానీ, అది కూరగాయల బరువు కాదు, అన్నం బరువు. కూర ఆ అన్నానికి బొట్టు పెట్టినంత ఉంటుంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. భోజనం చేసి, వార్తలు చూసి, మంచం ఎక్కేసరికి పన్నెండు. ఈ మధ్యలో రెండు నిమిషాలు కూడా దొరకలేదని ప్రమాణపూర్వకంగా రాయబోయాను గానీ, నేను రోజుకు సగటున మూడు గంటల నలభై నిమిషాలు తెర చూస్తున్నట్టు నా ఫోను ప్రతి ఆదివారం ఒక నివేదిక ఇస్తోంది. ఇంట్లో తిండి తింటూ యజమాని మీదే సాక్ష్యం చెప్పే ఇలాంటి పరికరాల గురించి ప్రభుత్వం ఆలోచించాలి. ఆ మూడు గంటల నలభై నిమిషాల్లో గణనీయమైన భాగం తమరి గురించే గడిచిందని మాత్రం మనవి చేసుకుంటాను. కొర్రలతో దోసె, కొర్రలతో పులిహోర, కొర్రలతో పాయసం చేసే విధానాలను పడుకొని చూశాను. తమరి మీద నాకున్నంత జ్ఞానం తమరిని రోజూ తినేవాళ్లకు కూడా ఉండదు.

మిగతా అభియోగాల మీద కూడా క్లుప్తంగా వివరణ ఇస్తాను. కార్యాలయంలో నేను తాగే టీలు ఆరు. కప్పుకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున మొత్తం 48 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2000 క్యాలరీలు తినే మనిషికి విడిగా కలుపుకునే చక్కెర 50 గ్రాములు దాటకూడదు కనుక నేను నిబంధనలకు లోబడే ఉన్నాను. పైగా రోజుకు రెండు గ్రాముల మిగులు కూడా చూపిస్తున్నాను. ఆ మిగులు సంగతి ఉస్మానియా బిస్కెట్లు చూసుకుంటున్నాయి. 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలని అదే సంస్థ అన్న మాటను సలహాగానే స్వీకరించాను, ఆదేశంగా కాదు. ఇక రోజుకు పదివేల అడుగుల లెక్క వైద్యులు కనిపెట్టినది కాదనీ, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పో-కే’, అంటే ‘పదివేల అడుగుల మీటరు’, అనే పరికరం పేరులోంచి పుట్టినదనీ తెలిసిన రోజున నేను ఎంతో సంతోషించి, అప్పటిదాకా నడుస్తున్న మూడువేలు కూడా మానేశాను.

అసలు తమరికీ మా వంశానికీ పరిచయం ఈనాటిది కాదు. అనంతపురం జిల్లాలో మా ఊళ్లో, మా అవ్వ చేతి కింద, తమరు ఏ డబ్బా హోదా లేకుండా మట్టి కుండలోనే ఉండేవారు. తెల్లవారుజామున రోట్లో దంచి, చేటలో చెరిగి, పొట్టు ఊదేసి వండితే గానీ తమరు అన్నం అయ్యేవారు కాదు. తమరు పండే చేలలోకి వేరుశనగ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పండగనాడు మాత్రమే ఉడికిన తెల్లన్నం రోజూ ఉడకడం మొదలుపెట్టింది. నేను ఒకటో తరగతికి వెళ్తున్న రోజుల్లో, బియ్యం నిండుకున్న ఒక పూట తమరిని వండి పెట్టి, మా అవ్వ గుమ్మం దాకా వచ్చి, “కొర్రన్నం తింటిమని బడిలో ఎవురికీ చెప్పొద్దు రా” అని నా చెవిలో చెప్పింది. ఆమె అంతగా దాచిపెట్టిన పేరుకు 2018లో పోషక ధాన్యమని గెజిట్ గౌరవం దక్కింది, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదే ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ‘శ్రీ అన్న’ అనే బిరుదూ లభించింది. ఆమె ఉండి ఉంటే, తమరిని రంగుల సంచిలో చూసి గుర్తుపట్టేదో లేదో చెప్పలేను. ధర చూసి మాత్రం నన్ను గుర్తుపట్టనట్టు నటించేది.

అయితే ఒక విషయంలో బియ్యం తరఫున కూడా మాట్లాడాలి. వరి రావడం వల్ల మన పీచుపదార్థం పోయిందని తమరి అభిమానులు సభల్లో చెబుతారు, అది నిజమే. దాంతో పాటు మా అవ్వ భుజాల మీది రోకటి పోటు కూడా పోయింది. ఆ లెక్క ఏ పోషకాహార పట్టికలోనూ నాకు కనిపించలేదు. పూర్వులు తిన్న ఆరోగ్యకరమైన తిండిని గురించి ఆఫీసులో గంటసేపు ఉపన్యసించే మా సహోద్యోగులు, నాతో సహా, ఆ పూర్వుల్లో దంచినవాళ్లెవరు, తిన్నవాళ్లెవరు అన్న దగ్గరికి వచ్చేసరికి టీకి లేస్తారు.

ఇప్పుడు ఆ ఒక్కసారి గురించి. జూన్‌లో ఒక శనివారం రాత్రి, పదిన్నరకు, నేను స్వహస్తాలతో తమరిని గిన్నెలో పోసి నీళ్లలో నానబెట్టాను. నానుతున్న తమరి ఛాయాచిత్రాన్ని కుటుంబ వాట్సాప్ బృందంలో పెడితే పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి. మా బావగారు నా సంకల్పబలాన్ని మెచ్చుకున్నారు. ఆదివారం పదకొండు గంటల వేళ, భోజనం ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని వంటింట్లోకి తొంగిచూస్తే గిన్నె ఎక్కడిదక్కడే ఉంది. మా ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయిని. వారమంతా ఐదున్నరకు లేచి, మూడు డబ్బాలు కట్టి, నాకంటే ముందే ఇల్లు దాటుతుంది. ఆమె జవాబు పత్రాలు దిద్దుతూ, తల ఎత్తకుండానే, “ఇన్నాళ్లూ మీరు నానబెట్టడం మర్చిపోయారనుకున్నాను. ఎవరో ఒకరు నానబెడతారని ఎదురుచూశారన్నమాట. ఇప్పుడు ఎవరో ఒకరు వండుతారని చూస్తున్నారా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోవడం వల్ల వంట నేనే చేశాను. బియ్యానికి పోసే కొలతనే నీళ్లు పోశాను. గ్లాసుకు మూడు గ్లాసులు పోయాలన్న సంగతి ఆ ఉదయాన జ్ఞాపకం రాలేదు. పలుకుగా మిగిలిన తమరిని చూసి మా అమ్మాయి, “నాన్నా, పక్కింటి లవ్‌బర్డ్స్‌కు వేసేది ఇదే కదా?” అంది. అది నిజం కాదని చెప్పే వీలు కూడా లేకపోయింది, ఎందుకంటే అది నిజమే. పరువు నిలబెట్టుకోవడానికి నెయ్యి, ఆవకాయ కలుపుకొని రెండు పళ్లేలు తిన్నాను. మాంసకృత్తులలోనూ పీచులోనూ తమరు బియ్యం కంటే మేలే గానీ, క్యాలరీల దగ్గర ఇద్దరికీ పెద్ద తేడా లేదని, కాబట్టి ఆరోగ్యం పేరుతో రెట్టింపు తింటే ఆ రెట్టింపు ఎక్కడికీ పోదని సాయంత్రం చదివి తెలుసుకున్నాను. నేను కొన్నది బాగా పాలిష్ పట్టిన రకమనీ, తవుడుతో పాటు పీచులో చాలా భాగం మిల్లులోనే ఉండిపోయిందనీ కూడా అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి తమరిని పై అరకు పంపించాను. దీన్ని శిక్షగా కాక బదిలీగా భావించగలరు.

వాస్తవ పరిస్థితి ఇది. తమరి సహచరులలో అరికలకు పురుగు పట్టింది. సామలు ముక్కిన వాసన వేస్తున్నాయి. పొట్టు తీసిన చిరుధాన్యాలు అందులోని నూనె వల్ల బియ్యం కంటే త్వరగా పాడవుతాయని అంగడివాడు చెప్పాడు, కొనేటప్పుడు కాదు, అడిగినప్పుడు. తమరి సంచి మీద ముద్రించిన గడువు వచ్చే నెల 14వ తేదీ. నా రక్తపరీక్ష వచ్చే నెల 16వ తేదీ. ఈ రెండింటిలో ఒకదాన్నైనా వాయిదా వేయించే అధికారం ఎవరికి ఉందో కనుక్కున్నాను, ఎవరికీ లేదు.

ఇంటి స్థాయిలో చర్చలు జరిపాను. ఐదు ధాన్యాలూ, ఏడు రోజులూ అన్న నా పూర్వపు ప్రణాళికను మా ఆవిడ చదవకుండానే తిప్పి పంపింది. మంగళ, శుక్రవారాల్లో, ఒక పూట, ఒక గ్లాసు, నానబెట్టినవాడే వండాలి, వండినవాడే గిన్నె కడగాలి, ఛాయాచిత్రాలు తీయరాదు, పక్కన బీరకాయో, చిక్కుడో, తోటకూరో అన్నమంత పరిమాణంలో ఉండాలి, ఆ తరగడం కూడా నానబెట్టినవాడి ఖాతాలోనే. నిబంధనలు కఠినంగా ఉన్నాయని మనవి చేసుకుంటే, ఇవి తనకు పద్దెనిమిదేళ్లుగా అమల్లో ఉన్నవేనని ఆమె చెప్పింది.

పై కారణాలను సానుభూతితో పరిశీలించి, జూన్ నాటి ఘటనను రికార్డుల నుంచి తొలగించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
6.1

జత చేసినవి: గ్లాసు కొర్రలు, మూడు గ్లాసుల నీళ్లు, సోమవారం రాత్రి 11 గంటల 10 నిమిషాలకు.