ముగ్గురి సీటులో నాలుగో అక్షరం

నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కి ముగ్గురి సీటులో ముగ్గురం కూర్చున్నాం. ఎవరి మోకాళ్లు వారి ఆధీనంలోనే ఉన్నాయి. అంతలో బత్తాయిల సంచితో ఒక పెద్దమనిషి ఎక్కి, మా సీటును టేపు పెట్టి కొలిచినట్టు చూసి, "కొంచెం అడ్జస్ట్ అవ్వండి సారూ" అన్నాడు. అన్నాడే గాని జవాబు కోసం ఆగలేదు. ముందు సంచి కూర్చుంది. తర్వాత ఆయన సగం కూర్చున్నాడు, మిగతా సగం నడవలో గాలికి వేలాడింది. కొండమల్లేపల్లి వచ్చేసరికి ఆయన నిండుగా కూర్చుని కునుకు తీస్తున్నాడు. కిటికీ పక్కనున్న నా భుజం బస్సు రేకులో కలిసిపోయింది. మధ్యలో ఎవరూ ఎవరినీ తోయలేదు. ఆ పని మొత్తం ఒక్క క్రియాపదం చేసింది.

ఇంత శక్తిగల క్రియాపదం మీద మన పండితులు ఇంతవరకు ఒక్క సదస్సు కూడా పెట్టలేదంటే నాకు బాధగా ఉంది. రేకుకు ఆనుకుని కూర్చున్న గంటన్నరలో ఆ లోటు తీర్చే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను.

ముందు స్పెల్లింగు. ఇంగ్లీషులో ఈ మాటకు ఏ తర్వాత డీ, డీ తర్వాత జే వస్తాయి. జే పలికితేనే నాలుక పైకి ఆని 'డ'లాంటి చప్పుడు దానంతట అదే వస్తుంది, కాబట్టి డీకి ఇక్కడ పనేమీ లేదు. పాత ఫ్రెంచిలో ఈ మాట డీ లేకుండానే బతికింది. ఇప్పటి ఫ్రెంచివాళ్లు కూడా డీ లేకుండానే రాసుకుంటున్నారు, వాళ్ల మరలు బాగానే బిగుస్తున్నాయి. మధ్యలో ఎవరో చదువుకున్నవాళ్లు లాటిన్ మూలం వెతికి, అక్కడ ఒక డీ ఉండేదని చెప్పి, తెచ్చి కూర్చోబెట్టారు. ఇంగ్లీషు అక్షరమాలలో డీ ఎన్నోది? నాలుగోది. అంటే అడ్జస్ట్ అనే మాట లోపల కూడా ఒక నాలుగోవాడు సంచితో సహా ఎక్కి కూర్చున్నాడన్నమాట. చప్పుడు చేయడు, దిగమంటే దిగడు.

తెలుగులో పరిస్థితి ఇంకా ఇరుకు. మనం ఈ మాటను రాయాలంటే డ కింద జను వత్తుగా నొక్కాలి. జ పాపం పైవాడి కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంటుంది. వెనకే సకారం, దాని కింద ట. ఒక్క మాటలో రెండు చోట్ల ఒకరి కింద ఒకరు. అర్థం తెలియనివాడికి ఈ మాట బొమ్మ చూపిస్తే చాలు. అందుకేనేమో ఇద్దరు రాసింది ఒకలా ఉండదు. ఒకరికి అడ్జెస్ట్, ఒకరికి ఎడ్జస్ట్. మా వీధి దర్జీ బోర్డు మీద 'అజ్జస్టు' అని ఉంది. పట్టుబట్టి చూస్తే ఫ్రెంచికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాడు ఆయనే.

ఇక పుట్టుక. లాటిన్‌లో 'యుక్స్తా' అంటే పక్కన, దగ్గర. దానికి 'అద్' చేరిస్తే దగ్గరికి చేర్చడం. అంతే అర్థం. ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చే దారిలో ఒక పొరపాటు జరిగింది. అదే లాటిన్‌లో 'యుస్తుస్' అనే మరో మాట ఉంది, న్యాయమైనది అని దాని అర్థం. ఇంగ్లీషు జస్టిస్ ఆ కుటుంబానిదే. రెండూ వినడానికి ఒకేలా ఉండటంతో, అడ్జస్ట్ అంటే న్యాయంగా, సరిగ్గా సరిచేయడం కాబోలు అని జనం అనుకున్నారు. అలా చుట్టరికం లేని న్యాయం వచ్చి ఈ మాటలో చేరింది.

మనవాళ్ల భాషాజ్ఞానానికి ఇక్కడ చేతులెత్తి మొక్కాలి. లాటిన్ ముక్క రాకపోయినా, నల్లగొండ జిల్లా ప్రయాణికుడు ఈ మాటలోంచి న్యాయాన్ని కొనగోటితో తీసి కిటికీలోంచి అవతల పారేశాడు. పక్కకు, ఇంకా పక్కకు, దగ్గరికి అనే శుద్ధమైన ప్రాచీనార్థాన్ని మళ్లీ నిలబెట్టాడు. అదే లాటిన్ మాట నుంచి ఇంగ్లీషుకు 'జౌస్ట్' అని ఇంకో క్రియ వచ్చింది. ఇద్దరు వీరులు గుర్రాలెక్కి, బల్లేలు పట్టి, ఎదురెదురుగా దూసుకొచ్చి పొడుచుకునే ఆట అది. దగ్గరికి చేరడం ముదిరితే ఎక్కడికి దారితీస్తుందో వాళ్లకు ముందే తెలుసు. మనకు గుర్రాలు లేవు, మోచేతులున్నాయి.

ఈ సందర్భంలో ఒక సందేహం. మనకు మాటలు లేకనా? 'సర్దుకోండి' ఉంది. ఇటువైపు 'జర జరగండి' ఉంది. ఆ 'జర' అరబ్బీలో రేణువు అనే మాట నుంచి ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది. అంటే జర జరగమన్నవాడు రేణువంత చోటే అడుగుతున్నాడు, అడిగినదానికి ఒక కొలత ఉంది. అడ్జస్ట్‌కు కొలత లేదు. ముందు 'కొంచెం' అని ఉంటుంది, అది మర్యాదకు.

వ్యాకరణం కూడా కాస్త చూద్దాం. మన వాడుకలో ఈ క్రియ ఎక్కువగా మధ్యమ పురుషలో, అదీ ఆజ్ఞగానే కనిపిస్తుంది. 'మీరు అడ్జస్ట్ అవ్వండి.' ప్రథమ పురుషలో ఆడవాళ్లకే ఎక్కువ చెల్లుతుంది. 'కోడలు అడ్జస్ట్ కావాలి' అనే వాక్యం ప్రతి పెళ్లిచూపుల్లోనూ వింటాం. 'అల్లుడు అడ్జస్ట్ కావాలి' అన్నది వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, అయినా నేనింకా వినలేదు. ఉత్తమ పురుషలో, అంటే 'నేను అడ్జస్ట్ అవుతాను' అని, ఆ పెద్దమనిషి నోట దేవరకొండ దాకా రాలేదు. ఇంకో సూక్ష్మం ఉంది. మనిషి అడ్జస్ట్ 'అవుతాడు', డబ్బును మాత్రం అడ్జస్ట్ 'చేస్తారు'. అయ్యేవాడు ఎప్పుడూ ఇవతల, చేసేవాడు ఎప్పుడూ కౌంటరు అవతల.

యుక్స్తా వేరు తవ్వుకుంటూ పోతే మన సంస్కృతంలోని 'యుజ్' ధాతువు తగులుతుంది. రెండూ ఒకే పురాతన కుటుంబం. కలపడం, కాడి కట్టడం దాని అర్థం. యోగం అందులోంచి వచ్చింది, ఉద్యోగమూ అందులోంచే వచ్చింది. నియోజకవర్గం కూడా. ఈ చివరిది చూసి ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే ఈ క్రియాపదం ఒకసారి తిరగబడింది మా నియోజకవర్గంలోనే.

1996 లోక్‌సభ ఎన్నికలు. బావిలో ఫ్లోరైడు, బోరులో ఫ్లోరైడు. పిల్లల పళ్లకు గారలు, పెద్దల నడుములు వంగి, కీళ్లు బిగుసుకుపోయి. అడ్జస్ట్ అవ్వండి అన్న మాటను తరాలుగా విన్న జిల్లా ఇది. నీటిలోంచి ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నం కలిపే ఒక పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు కూడా పెట్టారు. పేరు ఆఫ్రికా దాకా వెళ్లింది, మంచినీళ్లు మాత్రం పక్క ఊరి దాకా రాలేదు. ఈ గోడు ఢిల్లీకి వినిపించాలని ఆ ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తాయి. చివరికి బరిలో నిలిచినవారు 480 మంది. ఒక్క ఎంపీ సీటులో కూర్చుంటామని 480 మంది! బత్తాయిల పెద్దమనిషి వీళ్ల ముందు ఏ మూలకు? బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. మొదటిసారి అడ్జస్ట్ కావడం అవతలివైపు వంతు అయింది.

వ్యవస్థ దీన్నుంచి పాఠం నేర్చుకోలేదని అనడానికి వీల్లేదు. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు అడ్జస్ట్ చేశారు.

ఈ పరిశోధన ఇక్కడికి వచ్చేసరికి దేవరకొండ బస్టాండు వచ్చింది. కండక్టరు నాకు ఇరవై, ఆ పెద్దమనిషికి ముప్పై బాకీ. చిల్లర లేదని యాభై నోటు ఒకటి ఆయన చేతిలో పెట్టి, "ఇద్దరూ అడ్జస్ట్ చేసుకోండి" అని తలుపు వేసేశాడు. నోటు అడ్జస్ట్ 'చేయాలి' కాబట్టి నేను కాస్త ధైర్యం తెచ్చుకున్నాను. ఆయన జేబులన్నీ వెతికాడు. సంచి దించి, అందులోంచి రెండు బత్తాయిలు తీసి నా చేతిలో పెట్టాడు.

"మిగిలింది మళ్లీ కలిసినప్పుడు అడ్జస్ట్ చేస్తాలే బిడ్డా" అన్నాడు.

లాటిన్‌లో ఆ మాటకు దగ్గరికి చేరడం అని అర్థమని చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే డిండి ఆటోలో వెనక సీటు వాళ్లను జరగమంటున్నాడు.