ష్రింప్ దొరవారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ష్రింప్ దొరవారికి,

మీకూ మీ దాయాది ప్రాన్‌కూ మధ్య సరిహద్దు రాయి ఎక్కడ పాతారో తేల్చాలని మనవి.

మా తెలుగులో మీరిద్దరూ రొయ్యలే. ఇంగ్లీషులో మాత్రం చిన్నది ష్రింప్, పెద్దది ప్రాన్ అంటారు. లండన్‌లో ఆ మాట చెల్లుతుంది. అమెరికాలో దిగితే చిన్నా పెద్దా అన్నీ మీరే, 'జంబో ష్రింప్' సహా. ఆస్ట్రేలియాలో రాజ్యం ప్రాన్‌ది. అయినా 1984లో అక్కడి నటుడు పాల్ హోగన్ అమెరికన్లను తమ దేశానికి పిలుస్తూ చేసిన ప్రకటనలో ష్రింప్ అనే అన్నాడు. వచ్చే చుట్టాలకు అర్థం కావాలి కదా!

పోనీ, శాస్త్రాన్ని అడిగాం. తల తీశాక ఒంటి మీద ఆరు పెంకు వరసలుంటాయి. రెండో పెంకు అంచు అటు మొదటిదాన్నీ ఇటు మూడోదాన్నీ కప్పితే మీ వంశం. ఆడది గుడ్లను పొట్ట కింద మోస్తుంది. పెంకుటింటి కప్పులా ఒకదాని మీదొకటి వరసగా ఉంటే ప్రాన్ వంశం. గుడ్లు నీళ్ళలోకి వదిలేస్తుంది. బాగుంది. ఆ లెక్కన మా నీలకంఠ రొయ్య మీ వంశమే. దానికి మీరు పెట్టిన పేరు? జెయింట్ ఫ్రెష్‌వాటర్ ప్రాన్. మా వ్యాపారులు ఇంకో అడుగు వేసి స్కాంపీ అన్నారు. అసలు స్కాంపీ యూరప్ సముద్రాల్లో లాబ్‌స్టర్ చుట్టం. 2009లో సాగుకు అనుమతి వచ్చాక మా చెరువులన్నీ నింపేసిన వనామీ ప్రాన్ వంశం. దాని పేరేమో వైట్‌లెగ్ ష్రింప్! మంచినీటిదైతే ప్రాన్, ఉప్పునీటిదైతే ష్రింప్ అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పద్ధతి. పెంకులు చూసేవాడి మాట ఒకటి, నీళ్ళు చూసేవాడి మాట ఇంకొకటి.

పేరుతో మాకు పోయేది పెద్దగా లేదు, చేటంతా అంకెతో. భీమవరంలో 30 కౌంటు అంటే తలతో సహా కిలోకి ముప్ఫై, ఒక్కోటి 33 గ్రాములు. మీ అమెరికా ప్యాకెట్ మీద 26/30 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 26 నుంచి 30 దాకా; అదీ చాలాసార్లు తల తీసినవి. అక్కడి ముప్ఫైలో ఒక్కోటి 15 గ్రాములు. తలతో మూడో వంతు బరువు పోతుంది కాబట్టి అది చెరువు గట్టున నలభై దాటిన కౌంటు. రెండు ముప్ఫైలూ ఒకటే అనుకుని డల్లాస్‌లో వేపుడుకు దిగినవారికి మూకుడులో మిగిలేది రొయ్యపొట్టుకు అన్నయ్య. ప్యాకెట్‌లోనే గులాబీ రంగులో ఉంటే అవి చాలావరకు ముందే ఉడికినవి. మళ్ళీ పది నిమిషాలు వేయిస్తే రబ్బరే.

అన్నట్టు, మీ భాషలో పీలమనిషిని ష్రింప్ అని వెక్కిరిస్తారట. మా దగ్గర రొయ్యను పొట్టిదని ఎవరూ అనరు. 'రొయ్యకు లేవా బారెడు మీసాలు' అని ఉత్త మీసాల రాయుళ్ళను దెప్పడానికి వాడుకుంటాం.

జవాబు రాసేలోగా మా హోటళ్ళ మెనూల్లోని 'ప్రాన్స్‌లు' సంగతి కూడా చూడండి. ఒక్క ప్లేటుకు రెండు బహువచనాలు, ముక్కలు మాత్రం ఆరు.

ఇట్లు,
కౌంటు అడిగాకే ధర అడిగేవాళ్ళం