సవరణ: లిఫ్ట్ కిట్ లేకుండా పెద్ద టైర్లు

పికప్‌కి లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు లేపే సామాను) లేకుండానే 265/65 ఆర్18 అనే పెద్ద సైజు టైర్లు పడతాయని మొన్న రాశాను. అది ఖాళీ బండి సంగతి. పొదలకూరు నుంచి నిమ్మకాయల బస్తాలు తోలేవాళ్లు, రొయ్యల గుంటల గట్ల మీద మేత దింపేవాళ్లు దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టొద్దు.

కంపెనీ టైరు 255/60 ఆర్18 అయితే దాని ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు, పెద్దదానిది 802. కానీ బండి పైకి లేచేది ఆ తేడాలో సగమే, 19 మిల్లీమీటర్లు. లోడు పడితే స్ప్రింగులు కుంగుతాయి. అప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే టైరు అంచు చక్రం గూటి లోపలి ప్లాస్టిక్‌ని రాసుకుంటుంది. అక్కడ నల్లటి చార కనిపించిందంటే ఆ సైజు వద్దనే అర్థం. ప్లాస్టిక్ కోసేయమనే మెకానిక్ మాట వినకండి, బురదంతా లోపలికి కొడుతుంది.

కొనేముందే ఆ టైర్లు తొడిగించి, బరువు వేసి, ఒక ముందు చక్రం గట్టు మీదికి ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. ఇంకోటి, మీటరు ముల్లు అదే అంకె మీద ఉన్నా అసలు వేగం 5 శాతం పెరుగుతుంది. కావలి హైవే మీద ఇది గుర్తుంచుకోండి.