కాసు వేరు, క్యాష్ వేరు
‘ఇంగ్లీషు క్యాష్ మన కాసు నుంచే పుట్టింది’ అని ఎవరో రాశారు. సగమే నిజమండీ. నగదు అనే అర్థంలో వాడే క్యాష్ ఫ్రెంచి ‘కేస్’ నుంచి వచ్చింది, అంటే డబ్బు పెట్టె. దానికీ మన కాసుకీ చుట్టరికం లేదు. కానీ ఈస్టిండియా కంపెనీ మద్రాసు లెక్కల్లో క్యాష్ అనే రాగి బిళ్ళ ఉండేది చూశారూ, అది మాత్రం అచ్చంగా కాసే. పోర్చుగీసు వాళ్ళ నోట్లో నలిగి ఇంగ్లీషులోకి వెళ్ళింది. 80 కాసులు ఒక ఫణం (చిన్న వెండి నాణెం), 42 ఫణాలు ఒక వరహా (బంగారు నాణెం). అంటే ఒక్క వరహా మారిస్తే 3,360 కాసులు! మోసుకెళ్ళడానికి సంచి కావాలి.

తమాషా ఏమిటంటే, అంత చిల్లర పేరు మా కోనసీమలో ఇప్పుడు బంగారానికి మిగిలింది. అమలాపురంలో ఏ నగల కొట్టుకెళ్ళినా కాసంటే 8 గ్రాములు, ఇంచుమించు బ్రిటిష్ సవరన్ బంగారు నాణెం బరువు. మా నాయనమ్మ కాసులపేరులో బిళ్ళలు మాత్రం గోరంతే. లక్ష్మీదేవి బొమ్మ అరిగిపోయి ముక్కూ మొహం తెలియదు. ‘కాసుకు కొరగాడు’ అని ఆవిడ మా బాబాయిని తిట్టేది. రాగి కాసా, మెడలో కాసా అని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.